నిరుటి జాబితా అడగండి



ఈరోజు బీఈడీ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది బడిలో పాఠాలు చెబుతారు. కొందరు ముందుముందు మండల విద్యాధికారులై (ఎంఈఓలై) బడులు తనిఖీ చేస్తారు. అందుకే బడి మానేసిన పిల్లల కోసం నడిచే శిక్షణ కేంద్రాలను ప్రభుత్వం ఎలా తనిఖీ చేయాలో చెప్పాలనుకున్నాను.

1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలైనప్పుడు పలకల పరిశ్రమ ఉన్న మన మార్కాపురం తొలి విడతలోనే ఉంది. పనిలో ఉన్న పిల్లలకు ప్రత్యేక బడులు పెట్టారు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఆమె నడిపిన స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ వేరే దారి పట్టారు. శిబిరంలో కొన్నాళ్లు చదివించి, పిల్లల్ని ఊళ్లోని మామూలు బడిలోనే చేర్పించారు. నాకు ఆ దారే సరైనదనిపిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా అదే చెప్పింది: వయసుకు తగిన తరగతి, దాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ. ఆ చట్టం కింద వచ్చిన 2010 నిబంధనల ప్రకారం ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు. తరగతిలో చేరాక కూడా టీచరు ఆ పిల్లల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని అవే నిబంధనల్లో ఉంది. మనం మరిచిపోతున్నది ఈ చివరి మాటనే.

ఇలాంటి శిక్షణ కేంద్రం తనిఖీకి వచ్చిన అధికారి హాజరుపట్టీ తిప్పుతారు, బియ్యం నిల్వ చూస్తారు, సంతకం పెడతారు. తిండి, పడక, ఆడపిల్లల భద్రత చూడాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ నిరుడు ఆ కేంద్రం నుంచి బడికి వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు?

పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ (చేత్తో పరాగ సంపర్కం) పని చేసి వచ్చిన పన్నెండేళ్ల అమ్మాయిని ఊహించుకోండి. ఏడో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంది. పక్కపిల్లలు కిసుక్కుమంటారు. టీచరు వారించకపోతే మర్నాడు ఆ పిల్ల రాదు. చేల సీజన్ మొదలైతే కూలీల మేస్త్రీ గుమ్మంలోనే ఉంటాడు. కేంద్రం రికార్డులో మాత్రం ఆమె పేరు ఎదుట ‘బడిలో చేరింది’ అనే ఉంటుంది.

ఆ తరగతిలో టీచరు మీరైతే, ఆ అమ్మాయి చదవడం పూర్తయ్యేదాకా ఆగండి. తనిఖీ అధికారి మీరైతే, ముందు నిరుటి జాబితా అడగండి. అది పట్టుకుని ఆ పిల్లలు చేరిన బడికి వెళ్లండి. ఒక్క పేరు తగ్గినా, ఆ ఇంటికి ఎవరు వెళ్లాలో, ఎప్పటిలోగా వెళ్లాలో అక్కడే రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.