మైదానం దాటిన ఆట: లాన్స్ టాడ్



ఎవరి పేర ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ డ్రిల్లు మాస్టారు మమ్మల్ని కబడ్డీ పోటీలకు తీసుకెళ్తే ముందుగా ఆట మాట ఎత్తేవారు కాదు. "అన్నం తిన్నారట్రా?" అనేవారు. లేదన్నవాడికి తన జేబులోంచి తీసి ఇడ్లీ పెట్టించాకే బరిలోకి దింపేవారు. ఆటగాడి కడుపు సంగతి తెలిసినవాడే ఆటను నడపగలడని నాకు అప్పుడే మనసులో నాటుకుంది. ఇవాళ రగ్బీ లీగ్ ఆటగాడూ మేనేజరూ అయిన లాన్స్ టాడ్ కథ ఎంచుకున్నది అందుకే.

రగ్బీ లీగ్ పుట్టిందే కూలి డబ్బుల తగాదాలో. ఉత్తర ఇంగ్లండు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం పూడ్చనివ్వాలని అక్కడి క్లబ్బులు అడిగితే రగ్బీ పెద్దలు ససేమిరా అన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డులోని జార్జ్ హోటల్లో ఆ క్లబ్బులు కూడి, వేరుపడి, నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి.

న్యూజిలాండువాడైన టాడ్ 1907లో ఇంగ్లండు పర్యటనకు బయల్దేరిన జట్టుతో ఈ ఆటలోకి వచ్చాడు. తపాలా శాఖ ఉద్యోగి ఆల్బర్ట్ బాస్కర్‌విల్ కూర్చిన జట్టు అది. తలా 50 పౌన్లు వేసుకుని ఓడెక్కారు. డబ్బుకు ఆశపడ్డారని పత్రికలు వాళ్లను 'ఆల్ గోల్డ్స్' అని వెక్కిరించాయి. సొంత సొమ్ము పణంగా పెట్టి సముద్రాలు దాటినవాళ్లను అంత మాటనడం అన్యాయం. మూడు టెస్టుల్లో రెండు గెలిచి వాళ్లు జవాబిచ్చారు. టాడ్‌ను విగన్ క్లబ్బు ఉంచేసుకుంది. 1909లో విగన్ లీగ్ విజేత అయినప్పుడు ఆ జట్టులో ఆయనున్నాడు. తర్వాత డ్యూస్‌బరీకి ఆడాడు.

ఆయన అసలు గొప్పతనం 1928లో సాల్‌ఫర్డ్ క్లబ్బు మేనేజరయ్యాక బయటపడింది. మరుసటి ఏడే వేల్స్ నుంచి గస్ రిస్మన్‌ను తెచ్చాడు. ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. మైదానంలో టాడ్ వేసిన ఏ ఎత్తు కన్నా ఇదే గొప్పదంటాను. మనిషిలో రేపటి ఆటను చూడగల కన్ను అది. రిస్మన్ నాయకుడిగా ఎదిగాడు. 41వ ఏట, 1952లో, వర్కింగ్టన్ జట్టుకు నాయకత్వం వహించి ఛాలెంజ్ కప్పు తెచ్చాడు.

1934లో టాడ్ తన జట్టును ఫ్రాన్సుకు తీసుకెళ్లాడు. అక్కడ ఈ ఆట అప్పుడే మొలకెత్తుతోంది. ఎర్ర జెర్సీలవాళ్ల జోరు చూసి ఫ్రెంచివాళ్లు 'ఎర్ర దయ్యాలు' అన్నారు. ఆ పేరు సాల్‌ఫర్డ్‌కు నిలిచిపోయింది. 1933, 1937, 1939లలో లీగ్ విజేతలు వాళ్లే. 1938లో వెంబ్లీలో ఛాలెంజ్ కప్పు ఫైనల్. బారో జట్టుతో స్కోరు 4–4; ఆట ముగిసే వేళ ఆల్బర్ట్ గియర్ బంతితో గీత దాటాడు. 7–4. రిస్మన్‌కు కప్పు అందించినది మనకు బాగా తెలిసినవాడే, క్రికెటర్ డాన్ బ్రాడ్‌మన్.

1942లో ఓల్డమ్‌లో జరిగిన రోడ్డు ప్రమాదంలో టాడ్ పోయాడు. యుద్ధం ముగిశాక ఛాలెంజ్ కప్పు ఫైనల్లో ఉత్తమ ఆటగాడికి ఆయన పేర బహుమతి పెట్టారు. 1946లో తొలిసారి దాన్ని అందుకున్నవాడు వేక్‌ఫీల్డ్ ట్రినిటీకి చెందిన బిల్లీ స్టాట్. చివరి నిమిషాల్లో ఆయన కొట్టిన పెనాల్టీతో వేక్‌ఫీల్డ్ 13–12తో నెగ్గింది. ఓడింది టాడ్ పాత జట్టు విగన్.