ఆషాఢం సేల్‌కు పోయిన రోజు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఎల్లారెడ్డి మండలానికి చెందిన ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



నన్ను పొదుపు గురించి మాట్లాడుమన్నరు. పొదుపు గురించి ప్రతి సభలో వింటనే ఉన్నం. పంచసూత్రాలు నిద్రల లేపి అడిగినా చెప్తం. అందుకే నేను ఈరోజు పొదుపు గురించి కాకుండా, నేను చేసిన ఒక ఖర్చు గురించి చెప్త. ఇది నా ఒక్కదాని కథ కాదు, నా దోస్తుది కూడా. ఆమెను అడిగినంకనే చెప్తున్న. "చెప్పు గని పేరు మాత్రం చెప్పకు" అన్నది. ఆమె ఈ సభలనే ఉన్నది. ఎవరా అని మీరు వెతకకండి.

మేమిద్దరం పదో తరగతి దాకా ఒక్క బెంచీ మీద కూసున్నోళ్లం. అదృష్టం కొద్దీ ఒక్క ఊరికే కోడళ్లమై వచ్చినం, ఒక్క సంఘంలనే ఉన్నం. 2024లో మా సంఘానికి బ్యాంకు లింకేజీ రుణం వచ్చింది. పది మందికి తలా 25,000. నా దోస్తు కుట్టుమిషన్‌కు అని రాయించుకున్నది. మిషన్, మోటరు, ఇంటర్‌లాక్ అన్నీ కలిపి 21,000 దాకా అయితదని ముందే అడిగి పెట్టుకున్నది. "కామారెడ్డికి పోయి కొందాం, నువ్వు తోడు రా" అన్నది. ఆషాఢ మాసం. సంఘం లీడర్‌ను కదా, నేను పక్కన ఉంటే మంచిదని పోయిన.

పొద్దున ఎల్లారెడ్డిల బస్సెక్కినం. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇచ్చిండు. 2023 డిసెంబరు నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక కామారెడ్డి మనకు దగ్గరైంది. లింగంపేట, తాడ్వాయి దాటుతుంటే చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకుంట నవ్వుకున్నం. పిల్లలు, పొలం, అత్తగారి మందులు ఏవీ యాదికి రాలే. నిజం చెప్పాలంటే అట్ల నవ్వి చాలా ఏండ్లైంది.

బస్సు దిగి మిషన్ దుకాణం దిక్కు నడుస్తుంటే ఒక పెద్ద బట్టల షాపు ముందట బోర్డు కనబడ్డది. డిజైనర్ చీరలు, 60 శాతం తగ్గింపు. "ఊకె చూసి పోదాం" అన్నది ఎవరో తెలుసా? నా దోస్తు కాదు. నేనే.

లోపల చల్లగ ఏసీ. కూసుండబెట్టి మంచినీళ్లు ఇచ్చిండ్రు. అక్కా అక్కా అనుకుంట చీరలు గుట్టలు పోసిండ్రు. ఒక మెరూన్ రంగు చీర నా దోస్తు భుజం మీద వేసి అద్దం ముందట నిలబెట్టిండ్రు. శ్రావణంల ఆమె తమ్ముని పెండ్లి ఉన్నది. అసలు ధర 8,500, తగ్గింపు పోను 3,400. "ప్యూర్ పట్టు అక్కా, మళ్ల ఈ ధరకు రాదు" అన్నడు. ఆమె నా మొఖం చూసింది. "తీసుకో, ఒక్కడే తమ్ముడు" అన్న. అక్కడితోటి ఆగలే. బిడ్డకు లెహంగా 3,000. పెద్ద బ్రాండు పేరున్న హ్యాండ్‌బ్యాగు 1,200. వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు 1,500. మొత్తం 9,100. అయ్యో, నాకేం లేదా అని ఆమె అంటే, అదే చీర పచ్చ రంగుల నేను కూడా తీసుకున్న. ఆ 3,400 కూడా ఆమె సంచిల నుంచే పోయినయి. "తర్వాత ఇస్త" అన్న.

లెక్క చూసుకుంటే 12,500. రుణంల సగం. మిషన్ దుకాణం దాకా పోలేదు. బస్టాండుల మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి ఇంటికి వచ్చినం. బస్సు ఫ్రీ అని సంబరపడి పోయి, పన్నెండు వేల ఐదు వందలు ఇచ్చి వచ్చినం.

మిగిలిన పైసలకు తర్వాత మిషన్ కొందామనుకున్నది. ఇంట్ల పైసలుంటే ఆగుతయా అక్కా? నాట్ల కూళ్లకు కొన్ని, యూరియాకు కొన్ని, పెండ్లి కట్నాలకు కొన్ని పోయినయి. ఆగస్టు కిస్తు 1,250 కట్టింది. సెప్టెంబరుది కట్టలే, అక్టోబరుది కట్టలే. ఒక్కరు కట్టకపోతే బ్యాంకుల పది మంది పేరు పోతది. కిస్తు టైముకు పడితేనే వడ్డీ రాయితీ. అందుకని రెండు నెలలు సంఘం పొదుపుల నుంచి తీసి కట్టినం.

బతుకమ్మ పండుగ దాటినంక మీటింగు పెట్టినం. బాకీల పుస్తకం చదివేది నేనే. ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. చదివిన. "మిషన్‌కు తీసుకున్నవు, మిషన్ ఏది?" అని ఒకామె గట్టిగ అడిగింది. నా దోస్తు తల వంచుకున్నది. నా పేరు చెప్పలే. నా దిక్కు చూడలే కూడా. ఆమె చెప్పి ఉంటే నాకు ఇంత బాధ ఉండకపోవు.

నేను లేచి నిలబడి అంతా చెప్పిన. షాపులకు తీసుకపోయింది నేనే అని, ఆ పైసల నుంచి నేను 3,400 చీర కొనుక్కున్ననని, మూడు నెలలైనా తిరిగి ఇయ్యలేదని. లీడర్ నుంచి దిగిపొమ్మంటే దిగిపోత అన్న. ఎవరూ మాట్లాడలే. ఆఖరికి ఒక పెద్దామె "దిగుడెందుకు, ముందుగాల బాకీ కట్టు" అన్నది. పాల పైసలు 2,500 తెచ్చి రెండు కిస్తులు పూడ్చిన. మిగిలిన 900 దీపావళి లోపు ఆమె చేతిల పెట్టిన.

ఇగ ఆ చీర సంగతి. మా వాడకట్టుల ఒక పద్మశాలి అవ్వ ఉన్నది, ఒకప్పుడు మగ్గం నేసిన చెయ్యి. చీర పట్టుకొని చూసి కుచ్చుల నుంచి ఒక పోగు తీసింది. అగ్గిపుల్ల గీసి అంటించింది. పోగు కరిగి గట్టి నల్ల పూస లెక్క అయ్యింది. "ఇది పట్టు కాదు బిడ్డా" అన్నది. పట్టు పోగు మెల్లగ కాలుతది, వెంట్రుకలు కాలిన వాసన వస్తది, బూడిద వేళ్ల మధ్య పొడి అయితది. నూలు పోగు కాగితం కాలినట్టు వాసన వస్తది. కరిగి పూస అయితే అది పాలిస్టర్.

షాపుకు పోయినం. "సేల్ మాల్ వాపస్ తీసుకోం" అన్నరు. మా దగ్గర ఉన్నది బిల్లు కాదు, ఎస్టిమేట్ చీటీ. దాని మీద చీర అని ఉన్నది గని పట్టు అని ఎక్కడా లేదు. పట్టు అన్నది నోటి మాటనే. కట్టి విప్పిన చీర, పెండ్లి కూడా అయిపోయింది. ఉత్త చేతుల తోటి వచ్చినం. బ్యాగు మీది బ్రాండు పేరుల ఒక అక్షరం తేడా ఉన్నదని ఇంటర్ చదివే పిల్ల చూసి చెప్పింది. వన్ గ్రామ్ సెట్టు నల్లబడ్డది.

అక్కలారా, పాలిస్టర్ చీర కట్టుకోవడం తప్పు కాదు. మన పక్క జిల్లా సిరిసిల్లల మరమగ్గాల మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నయి. 2017 నుంచి కొన్నేండ్లు బతుకమ్మ చీరలు అక్కడ నేసిండ్రు. పాలిస్టర్‌కు పాలిస్టర్ ధర ఇస్తే ఏం బాధ లేదు. పట్టు అని చెప్పి అమ్మితేనే మోసం.

ఆషాఢంల తగ్గింపు ఎందుకు ఇస్తరో కూడా ఇప్పుడు నాకు అర్థమైంది. ఆ నెల పెండ్లిళ్లు ఉండవు, గిరాకీ ఉండదు. శ్రావణానికి కొత్త మాల్ తేవాలంటే పాత మాల్ ఖాళీ చెయ్యాలె. అందుకని కొన్ని దుకాణాల్ల తగ్గింపు నిజమే ఉంటది. కొన్ని చోట్ల ముందు 8,500 అని చీటీ అంటించి తర్వాత 60 శాతం కొట్టేస్తరు. కాబట్టి ఎంత తగ్గించిండ్రు అని చూడొద్దు. ఇదే రకం చీర ఇంకో రెండు దుకాణాల్ల ఎంత ఉన్నది అని అడగాలె.

మేము నష్టపోయి నేర్చుకున్న ఇంకొన్ని సంగతులు మీకు ఊరికే చెప్త.

పట్టు అంటే సిల్క్ మార్క్ చీటీ అడగండి. అది 2004 నుంచి ఉన్నది. చేనేత అంటే హ్యాండ్లూమ్ మార్క్ చూడండి, అది 2006ల వచ్చింది. పోచంపల్లి అంటే చీర తిప్పి చూడండి. పోగులకు ముందుగాలనే రంగు అద్ది నేస్తరు కాబట్టి డిజైన్ రెండు దిక్కుల కనబడతది. వెనక వెలిసిపోయినట్టు ఉంటే అది ప్రింట్. బంగారం అయితే హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాలు, అంకెల హెచ్.యు.ఐ.డి. నంబరు ఉండాలె. దాన్ని ఫోన్ల బి.ఐ.ఎస్. కేర్ యాప్‌ల కొట్టి చూడవచ్చు. వన్ గ్రామ్‌కు అవేమీ ఉండవు, మళ్ల అమ్మితే ఏం రాదు. సరదాకు కొనండి గని బంగారం అనుకోని కొనకండి.

అన్నిటికంటే ముఖ్యం బిల్లు. "ప్యూర్ సిల్క్ అని రాసి ఇయ్యన్నా" అనండి. రాయను అంటే అక్కడనే మీకు జవాబు దొరికినట్టు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇయ్యకపోవడం కూడా తప్పే. లోపం ఉన్న వస్తువును బిల్లు మీద రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల లోపల వాపస్ తీసుకోకపోవడం కూడా తప్పే. ఫిర్యాదుకు 1915 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు. జిల్లా కమిషన్‌ల 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. మేము బిల్లు తీసుకోలే, మోసమని తెలిసేసరికి నెల దాటింది.

మా సంఘంల రెండు తీర్మానాలు రాసుకున్నం. మొదటిది, వస్తువు కోసం రుణం తీసుకుంటే ఇద్దరు సభ్యులు తోడు పోవాలె, పైసలు నేరుగా ఆ దుకాణానికే కట్టాలె. రెండోది, ప్రతి సభ్యురాలు నెలకు 100 రూపాయలు పండుగ పొదుపు వెయ్యాలె. ఆషాఢం వచ్చేసరికి 1,200 అయితయి. అవి నీ ఇష్టం, చీర కొనుక్కో, బ్యాగు కొనుక్కో, ఎవరూ అడగరు. ఈ రెండో తీర్మానం నా దోస్తే చెప్పింది. "ఆశను ఆపుమంటే ఆగదు, దానికి ఒక డబ్బా పెడితే సరి" అన్నది.

సంఘం పొదుపు నుంచి నూటికి రూపాయి వడ్డీకి ఆమెకు 12,000 ఇచ్చి మోటరు మిషన్ కొనిచ్చినం. ఇంటర్‌లాక్ ఇంకా రాలేదు. బ్యాంకు కిస్తులు కూడా ఇంక కొన్ని మిగిలినయి. రెండు బాకీలు ఒక్కసారి కట్టుడు తేలిక కాదు, రాత్రి పదింటి దాకా మిషన్ చప్పుడు ఇనబడతది. కానీ ఒక్క కిస్తు తప్పలే.

2025 ఆషాఢంల మళ్ల ఇద్దరం కామారెడ్డికి పోయినం. చీటీ రాసుకొని పోయినం. మూడు దుకాణాలు తిరిగినం, ఆమె ఒక నూలు చీర 900కు కొన్నది, బిల్లు తీసుకున్నది. నేనేం కొనలే. మగ్గం వర్కు డిజైనర్ జాకెట్లు వేలాడదీసి ఉంటే ఆమె ఒకటి తిప్పి తిప్పి, కుట్లు లెక్కబెట్టుకుంట చూసింది. ధర చీటీ చూసి నా చెవుల మెల్లగ అన్నది, "ఇది నేను కుడత". బస్సుల వచ్చేటప్పుడు మళ్ల నవ్వుకుంటనే వచ్చినం.

ఆ పచ్చ చీర ఏం చేసినవని అడుగుతరేమో. ఈరోజు కట్టుకున్నది అదే. దగ్గరికి వచ్చి పట్టుకొని చూడండి, పట్టుకు దీనికి తేడా మీ వేళ్లకు కూడా తెలుస్తది.