కారులో డప్పు మోత

కొత్త కారు కొన్నాక చాలామందికి ఒకటే వెలితి: పాటలో గొంతు వినిపిస్తుంది, డప్పు దెబ్బ మాత్రం గుండెకు తగలదు. తలుపుల్లోని చిన్న స్పీకర్లు అంత లోతైన శబ్దానికి కావలసినంత గాలిని కదిలించలేవు. ఆ పని సబ్‌వూఫర్‌ది.

దానికోసం కంపెనీ స్టీరియోను పీకేయనక్కర్లేదు. వెనక స్పీకరు వైర్ల నుంచి సిగ్నల్ తీసుకుని, లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ అనే చిన్న డబ్బా ద్వారా సబ్‌వూఫర్‌ను నడిపే ఆంప్లిఫయరుకు అందిస్తే చాలు. కొన్ని ఆంప్లిఫయర్లు ఆ వైర్లను నేరుగానే తీసుకుంటాయి.

అసలు జాగ్రత్త కరెంటు దగ్గర. 500 వాట్ల ఆంప్లిఫయరు గట్టిగా మోగేటప్పుడు 40 ఆంపియర్లకు పైగా లాగగలదు. అందుకే బ్యాటరీ నుంచి దళసరి రాగి వైరు వేరుగా వేయాలి. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాలి. మెకానిక్ అది లేకుండా బిగిస్తానంటే దయచేసి ఒప్పుకోకండి. వైరు ఎక్కడో రేకుకు ఒరుసుకుని పైతొడుగు ఊడిందంటే, ఆపే ఫ్యూజు లేనప్పుడు బండే అంటుకోవచ్చు. ఎర్త్ వైరు బిగించేచోట పెయింటు గీకి, లోహం తళతళలాడేదాకా శుభ్రం చేయించండి. పెయింటు మీదే బిగిస్తే, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరిగే సన్నని కూత పాటలో కలవొచ్చు.

ఇక సర్దుబాటు. లోతైన శబ్దాన్నే సబ్‌వూఫర్‌కు పంపే లో పాస్ ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నలుకు ఆంప్లిఫయరును సరిపెట్టేది. దాన్ని అట్టడుగు నుంచి నెమ్మదిగా పెంచుతూ, శబ్దం పగిలినట్టు అనిపించగానే కాస్త వెనక్కి తిప్పి వదిలేయండి.