ఫేస్, మొకం: బొగ్గుబాయిలో రెండుగా చీలిన ఒక మాట

ఇంగ్లీషులో మనిషి ముఖానికి వాడే ‘ఫేస్’ అనే మాట గోదావరిఖని బొగ్గుబాయిలో మనిషి ముఖాన్ని చెప్పదు. బొగ్గు పొరలోకి తొలుచుకుంటూ పోయిన దారి ఎక్కడ ఆగిందో, ఆ పూట డ్రిల్లు ఎక్కడ దిగాలో, బొగ్గు ఎక్కడి నుంచి రాలాలో, ఆ నిలువు గోడకు అక్కడ ఫేస్ అని పేరు. మొదటి షిఫ్టు చేసిన కార్మికుడు ఫేస్ నుంచి పైకి వచ్చి మొకం కడుక్కుంటాడు. ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే ఒకే మాటను రెండుసార్లు వాడవలసి వస్తుంది. సింగరేణి గనుల తెలుగు మాత్రం బొగ్గుకు ఒక మాటను, మనిషికి ఒక మాటను విడివిడిగా ఉంచుకుంది. ఈ విడదీత ఎలా జరిగింది, దానివల్ల తెలుగుకు ఏమి చేకూరింది అన్నవే ఈ ఉపన్యాసానికి విషయం.

ఫేస్ అనే మాట ఇంగ్లీషుకు ఫ్రెంచి ద్వారా లాటిన్ నుంచి వచ్చింది. దాని లాటిన్ మూలమైన ‘ఫేసియెస్’కు రూపం, ఆకృతి అని అర్థం, చేయడం అనే అర్థమున్న ‘ఫకెరె’ అనే ధాతువుతో దానికి చుట్టరికం ఉంది. అంటే ముఖం అనే అర్థం కంటే ముందు అందులో ‘చేయబడిన రూపం’ అనే భావం ఉన్నది. భూగర్భ శాస్త్రంలో ఒక శిలాస్తరం ఏ పరిస్థితుల్లో ఏర్పడిందో తెలిపే లక్షణాల సముదాయాన్ని ‘ఫేసీస్’ అంటారు. 1838లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు అమాంజ్ గ్రెస్లీ ఈ అర్థంలో వాడిన ఆ పదం కూడా అదే మూలం నుంచి పుట్టింది. ఇంగ్లీషులో గడియారానికీ, నాణేనికీ, కొండచరియకూ, అచ్చు అక్షరానికీ ఫేస్ ఉంటుంది. చూసేవాడి ఎదుటికి వచ్చే తలం ఏదైనా సరే, ఆ పేరుకు అర్హమే.

తెలుగులో ‘ముఖం’ ఇంతకంటే తక్కువ విస్తృతి గలదేమీ కాదు. సంస్కృతంలో మొదట నోటిని చెప్పిన ఈ మాట క్రమంగా మొత్తం ముఖానికి, ఆ తరువాత ద్వారానికి, ముందు భాగానికి, దిక్కుకు విస్తరించింది. నది సముద్రంలో కలిసే చోటు ముఖద్వారం, గుడికి ముందుండేది ముఖమండపం, పత్రికకు ముఖపత్రం; ఇంటి ముందరి చావడి మొగసాల; అన్నిటికీ ముందుండేది ముఖ్యం. ఇంత సత్తువ ఉన్న పదం చేతిలో ఉండగా బొగ్గుగోడను ‘బొగ్గు ముఖం’ అనడానికి భాషలో అడ్డంకి ఏదీ లేదు. అయినా బాయిలో ఆ మాట ఎవరి నోటా పలకదు. పదం లేక అరువు తెచ్చుకోవడం వేరు, పదం ఉండి కూడా అరువు తెచ్చుకోవడం వేరు. ఇక్కడ జరిగింది రెండవది, పరిశీలకుడు నిజంగా ఆగి చూడవలసింది కూడా దాన్నే.

దీనికి కారణం సింగరేణి చరిత్రలో కొంత కనబడుతుంది. 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదయింది. గని నడిపే పద్ధతి ఇంగ్లీషు మేనేజర్ల వెంట వచ్చింది, ఆ పద్ధతిలోని పేర్లూ దాని వెంటే వచ్చాయి. అలాగని అన్ని పేర్లూ ఇంగ్లీషువే కాలేదు. ఊరి మనిషికి భూమిలోకి దిగే గుంత అప్పటికే తెలుసు కనుక గని బాయి అయింది, మేనేజరు బాయిదొర అయ్యాడు. కొంతమంది కార్మికులపై పర్యవేక్షణ చేసే మైనింగ్ సర్దార్ పేరు ఉర్దూ వాడుక నుంచి వచ్చింది. ‘బాయిల సర్దార్ ఫేస్ కాడ ఉన్నడు’ అనే అయిదు మాటల వాక్యంలో మూడు భాషలు ఏ తగవూ లేకుండా కలిసి కూర్చున్నాయి. వీటిలో ఏది ఎవరి పొలంలో మొలిచిందన్న ప్రశ్న కంటే, ఏది దేనికి అవసరపడిందన్న ప్రశ్న విలువైనది.

అవసరం తెలియాలంటే ఫేస్‌ను దగ్గరగా చూడాలి. బొగ్గును స్తంభాలుగా వదిలి, వాటి మధ్య దారులు తొలిచే బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో దారి వెడల్పు 4.8 మీటర్లకు, ఎత్తు 3 మీటర్లకు మించకూడదని నిబంధన. కనుక ఫేస్ అంటే సుమారుగా ఒక చిన్న ఇంటి గోడంత నల్లని తలం. దాని మీద వరుసలుగా రంధ్రాలు వేస్తారు, షాట్‌ఫైరర్ గ్యాసు ఉన్నదీ లేనిదీ పరీక్షిస్తాడు, మందు కూరి మూతిని మట్టితో బిగిస్తారు, అందరినీ దూరం పంపి పేలుస్తారు. పొగ తీరిన తరువాత మొదట వెళ్లేది బొగ్గు ఎత్తేవాడు కాదు. కప్పును కర్రతో తట్టి, గట్టిగా మోగుతున్నదా, డొల్లగా పలుకుతున్నదా అని చెవితో పరీక్షించేవాడు. ఆ తరువాతనే ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో, అంటే తట్టా పారతో, టబ్బులు నింపేవారు. తరువాతి కాలంలో ఆ పనిని సైడ్ డిశ్చార్జ్ లోడర్ (ఎస్‌డిఎల్) యంత్రాలు చేపట్టాయి.

పేలుడు తరువాత పాత ఫేస్ ఉండదు. దాని స్థానంలో కొంత లోపలికి మరో ఫేస్ తేలుతుంది. 25 కోట్ల ఏళ్లకు పైగా మట్టి కింద ఉన్న ఆ బొగ్గు తలం మీద మొట్టమొదటి వెలుతురు పడేది కార్మికుడి టోపీ మీది లైటు నుంచే. పొద్దటి షిఫ్టువాడు చూసిన ఫేస్‌ను రాత్రి షిఫ్టువాడు చూడలేడు. గని నిబంధనల భాషలోనూ ఫేస్ అంటే పని సాగే చోట ముందుకు కదిలే అంచు. మనిషి ముఖం పుట్టుకతో వచ్చి జీవితాంతం ఆ మనిషిని గుర్తుపట్టడానికి పనికివస్తుంది. ఫేస్ మాత్రం ప్రతి పూటా చేతులతో చేయబడి, ప్రతి పూటా చెరిగిపోతుంది. లాటిన్ మూలంలోని ‘చేయడం’ అనే భావం లండను వీధిలో ఎవరికీ గుర్తు లేకపోయినా, గోదావరిఖని బాయిలో అది కండ్ల ఎదుట జరుగుతూ ఉంటుంది. ముఖం అనే తెలుగు మాటలో స్థిరత్వం ఎక్కువ; అందుకే కాబోలు అది ఈ పనికి ఒదగలేదు.

మరొక సంగతి కూడా ఉంది. భూమి లోపల తూర్పు పడమరలు పనికిరావు. పొర వాలే వైపు డిప్, లేచే వైపు రైజ్, ఫేస్ వైపు పోయే దిశ ఇన్‌బై, ఫేస్ నుంచి బయటికి వచ్చే దిశ అవుట్‌బై. అంటే ఫేస్ కేవలం ఒక గోడ పేరు కాదు, దిక్కులను నిర్ణయించే బిందువు. కార్మికుల వాడుకలో ఈ మాటకు ‘మీద’, ‘కాడ’, ‘కు’, ‘నుంచి’ వంటి చోటును చెప్పే ప్రత్యయాలే ఎక్కువగా చేరడం దీనికి సాక్ష్యం. ఇంగ్లీషులో రూపకంగా పుట్టిన మాట, బండకు ఒక ముఖాన్ని ఊహించిన మాట, తెలుగులోకి వచ్చేసరికి ఊహను వదులుకుని ఒక స్థలానికి పేరయింది.

ఇతర దేశాల గని భాషలు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తాయి. వేల్స్ గనుల్లో ఫేస్‌ను ‘టాల్కెన్ గ్లో’ అంటారు. టాల్కెన్ అంటే నుదురు. ఫ్రెంచి కార్మికులు వాడే ‘ఫ్రాన్ ద టాయ్’లోని మొదటి మాటకూ నుదురు అనే అర్థం ఉంది. జర్మను గనికార్మికులు మాత్రం శరీరాన్ని వదిలి ‘ఓర్ట్’, అంటే చోటు అన్నారు. ‘ఫోర్ ఓర్ట్’, ఫేస్ ముందర, అనే వారి పలుకుబడి గని దాటి వచ్చి, ఈనాడు ఆ భాషలో ‘సంఘటన జరిగిన చోటనే’ అనే అర్థంలో ప్రతి వార్తలోనూ వినబడుతుంది. సింగరేణి తెలుగు పదాన్ని ఇంగ్లీషు నుంచి తీసుకుని, అర్థాన్ని మాత్రం జర్మను దారిలో నడిపించింది. ఎవరూ నేర్పకుండానే ఇది జరగడం పనిచేసే మనుషుల భాషాజ్ఞానానికి గొప్ప నిదర్శనం.

శరీరానికి చెందిన మరికొన్ని ఇంగ్లీషు మాటలూ బాయిలో ఉన్నాయి: స్తంభాన్ని తీసేటప్పుడు, బొగ్గు తీసిన ఖాళీకి అంటే గోఫ్‌కు ఆనుకుని వదిలే సన్నని బొగ్గు పలక రిబ్, అంటే పక్కటెముక, షాఫ్టు పైభాగం పిట్‌హెడ్, అంటే తల, ఓపెన్‌కాస్ట్ మెట్టు అడుగు అంచు టో, అంటే కాలివేలు. ఇవి ఎక్కువగా అధికారుల, సర్వేయర్ల మాటలుగానే నిలిచాయి. ఫేస్ ఒక్కటే ఇంటిదాకా వచ్చింది.

1983లో సింగరేణిలో ప్రవేశించిన లాంగ్‌వాల్ పద్ధతిలో ఫేస్ స్వరూపం మారింది. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో ఫేస్ పొడవు 250 మీటర్లు. కోత యంత్రం దాని వెంట అటూ ఇటూ తిరుగుతుంటే, కప్పును మోసే ఉక్కు సపోర్టుల వరుస కోత పడినకొద్దీ ముందుకు జరుగుతుంది, వెనుక వదిలిన ఖాళీలో కప్పు కూలి గోఫ్ అవుతుంది. ఓపెన్‌కాస్టులో ఫేస్ ఎండలోకి వచ్చింది, దాని ఎదుట మనిషికి బదులు షావెల్ నిలబడింది. ఇదే కాలంలో ఆ మాట రెండో దారిన, ఈసారి ముఖం అనే అర్థంతోనే, అదే కార్మికుల ఇళ్లలోకి వచ్చింది: ఫేస్ పౌడర్, ఫేస్‌వాష్, ఫేస్‌బుక్. తండ్రి ఫేస్ ఒకటి, బిడ్డ ఫేస్ ఒకటి. పిల్లలకు రెండో అర్థమే మొదటిదిగా తెలియడం వల్ల బాయి అర్థం మరుగున పడే ప్రమాదం నిజంగానే ఉంది.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలు, పని జరిగే చోటికి వెళ్లి పనివారి నోట విన్న మాటనే ప్రమాణంగా తీసుకున్నాయి. బొగ్గుబాయి మాటలకూ ఆ మర్యాద దక్కాలి. అటువంటి కోశంలో ‘ఫేస్’ను అన్యదేశ్యమని ఒక్క ముక్కలో తేల్చివేయకుండా, ముఖం అనే అర్థం దీనికి లేదని, స్థలవాచకమని, ‘మొకం’ దీనికి పర్యాయం కాదని స్పష్టంగా నమోదు చేయాలి. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన ఫిల్లర్లు, కప్పును తట్టి చెవితో విన్నవారు ఇప్పుడు రిటైరై గోదావరిఖనిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్నారు. కోశంలో ఆ పదం పక్కన రాయవలసిన ప్రయోగాలు వారి దగ్గరే ఉన్నాయి.