పాము: పురాణమున, పొలమున, తపాలాబిళ్లపైన



ఆదిపర్వారంభము పాముల కథలతో నిండియున్నది. ఉదంకుని నాగస్తుతి, కద్రువ శాపము, జనమేజయుని సర్పయాగము, ఆస్తీకుడు దానిని మాన్పుట, వీనినెల్ల నన్నయభట్టు తెనిగించెను. వీనిలో సేద్యగాడు మరువరాని ఘట్టమొకటి కలదు. తక్షకుని విషమునకు విరుగుడెరిగిన కాశ్యపుడను విప్రుడు పరీక్షిత్తును బ్రదికింప బయలుదేరెను. త్రోవలో తక్షకుడెదురై యొక మఱ్ఱిచెట్టును కాటువేసి బూడిద చేసెను. కాశ్యపుడు దానిని మరల చిగురింపజేసెను. విద్య నిజమని గ్రహించిన తక్షకుడు ధనమిచ్చి యాతనిని వెనుకకు మరల్చెను. రాజున కాయువు తీరినదనియు కథ చెప్పును. అయినను మందు లేక కాదు, ఉన్న మందు చేరక రాజు గతించెననుట స్పష్టము.

నాగులచవితినాడు పుట్టలో పాలుపోసిన చేతులే మరునాడు పొలమున జెఱ్ఱిపోతు అగుపడినంతనే కఱ్ఱ యెత్తును. జెఱ్ఱిపోతునకు విషము లేదు. ధాన్యము తిను ఎలుకలే దాని ఆహారము. పాములలో పెక్కు నిరపాయములు. దేశమున నెక్కువ ప్రాణములు తీయునవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగే.

వీనిని గుర్తించు విద్యకు తెలుగునేలయే తొలి బడులలో నొకటి. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు ఈ తీరపు పాములను సేకరించి, వాని తెలుగుపేళ్లతో సహా 1796లో గ్రంథము వెలువరించెను. జనులు కాటుకరేకులపొడ యనిన రక్తపింజరికి పిదప ఆయన పేరే నిలిచినది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులుంచిన ‘బంగారస్’ అను పేరు తెలుగు బంగారమునుండి పుట్టినదే.

భారత తపాలాశాఖ 2003లో నాలుగు పాముల బిళ్లలు వెలువరించెను. కొండచిలువ, రాచనాగు, వెదురుపొదల పచ్చపింజరి, చెట్టునుండి చెట్టునకు జారి యెగురు పాము వానిపై నున్నవి. అరచేత నుంచుకొని నిర్భయముగా చూడదగిన పాములవి. అయితే పైన చెప్పిన నాలుగింటిలో నొక్కటియు వానిలో లేదు. అడవిపాము బిళ్ల కెక్కినది. గట్టుమీది పాము కాలిక్రిందనే యున్నది.

2000 మొదలు 2019 వరకు దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో పరిశోధకులు అంచనా వేసిరి. వారిలో అత్యధికులు పల్లెవాసులు. మందు లేదా? కలదు. గుఱ్ఱములకు కొలదికొలదిగా విషమెక్కించి, వాని రక్తమునుండి తీయు మందు ఆ నాలుగింటి కాటునకును పనిచేయును. కఱచినచోట కోయరాదు, నోట పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాటుపడిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. మంత్రగాని వాకిట గడచు ప్రతి గడియయు కాశ్యపుని వెనుకకు పంపుటయే. ఆ జాగే నేటి తక్షకుడు.

రాత్రివేళ పొలమునకు పోవువాడు దీపమును, చెప్పులును మరువకుండుగాక. ఈ మాట చదువరులు చదువురాని యింటికిని చేర్చిననాడు గ్రంథాలయము ధన్యమగును. స్వస్తి.