వరదకు ముందే సంసిద్ధత



1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలమంది అసువులు బాసిరి. అఫ్జల్‌గంజ్ చెంత ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని నిలిచియున్నది. పిదప వరదల నరికట్టుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

అయినను ముప్పు తొలగలేదు. 2020 అక్టోబరులో కుంభవృష్టి కురియగా సరూర్‌నగర్ చెరువు నిండి, దిల్‌సుఖ్‌నగర్ చెంతనున్న పల్లపు కాలనీల యిండ్లలోనికి నీరు చొరబడెను. ఒకనాటి చెరువుక్రింది పొలములలో ఇండ్లు వెలసినవి. నీరు మాత్రము తన పాతదారినే పోయెను.

ఆ యేడు రాష్ట్రప్రభుత్వము బాధిత కుటుంబమునకు 10,000 రూపాయల తక్షణసాయము ప్రకటించెను. సాయము మేలే, కాని అది వరద పిమ్మట వచ్చునది. 15వ ఆర్థికసంఘము 2021–26 సంవత్సరములకు రాష్ట్రముల విపత్తునిధులలో నూటికి 20 వంతులు ముప్పు తగ్గించు పనులకును, 10 వంతులు సంసిద్ధతకును వినియోగింపవలెనని సిఫారసు చేసెను. ముందుచూపునకు సైతము ధనము కలదన్నమాట. అయితే అడుగువారి చేత ఆధారముండవలెను.

నీరు ఏ గడపవరకు వచ్చెను, ఏ వీధి పల్లము, మంచము దిగలేని వృద్ధులెవరు, ఈత నేర్చినవారెవరు, అలుగుకాలువ ఎచట పూడినది — ఈ వివరములన్నియు ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచుడు. గ్రామసభలో చదివి వినిపించి, పూడికతీతకు అర్జీ పెట్టుడు. ఏటేట తొలకరికి ముందు ఆ పుస్తకమును తిరిగి సరిచూచుకొనుడు.