ఐదు మార్కుల ఫైలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది దయతో ఇచ్చే దానం కాదని, ఉద్యోగి హక్కని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డీఏ బకాయిల గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మన సభ్యుల పిల్లలు చాలామంది కెనడా పీఆర్ అంటున్నారు. ఆ మార్కుల లెక్క ఎవరికీ అర్థం కావడం లేదు. మీ అబ్బాయి వెళ్ళాడు కదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చెబుతాను. అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అదీ దాచకుండా చెబుతాను.

పీఆర్ అంటే శాశ్వత నివాస హక్కు. పౌరసత్వం కాదు. ఓటు ఉండదు గాని, అక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. వలస వచ్చేవారిని మార్కులు వేసి ఎంపిక చేసే పద్ధతిని కెనడా 1967లో ప్రవేశపెట్టింది. అంతకుముందు ఏ దేశంవాడు, ఏ జాతివాడు అని చూసేవారు. ఆ తరువాత చదువు, వయసు, భాష, పని చూడడం మొదలుపెట్టారు. ఇప్పుడున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానం 2015 జనవరిలో వచ్చింది.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే నైపుణ్య ఉద్యోగుల పథకంలో రెండు మెట్లున్నాయి. మొదటిది అర్హత: నూటికి 67 మార్కులు రావాలి. అది దాటినవారి పేర్లు ఒక జాబితాలో చేరతాయి. అక్కడ మళ్ళీ 1,200 మార్కులకు ర్యాంకు కడతారు. అప్పుడప్పుడు డ్రా తీసి, ఫలానా మార్కు, ఆ పైన ఉన్నవారిని దరఖాస్తు చేసుకోమని ఆహ్వానిస్తారు. డ్రా అన్నారు గాని అది లాటరీ కాదు. మన సీనియారిటీ లిస్టు లాంటిదే. తేడా ఒక్కటే. మన లిస్టులో వయసు పెరిగినకొద్దీ పైకి పోతాం. అక్కడ వయసు పెరిగినకొద్దీ కిందికి వస్తాం.

జీవిత భాగస్వామితో కలిసి దరఖాస్తు చేసే అభ్యర్థికి 20 నుంచి 29 ఏళ్ళ వరకు వయసుకు 100 మార్కులు. ముప్పైలో పడిన దగ్గరనుంచి నలభై వరకు ప్రతి పుట్టినరోజుకూ 5 మార్కులు పోతాయి. 33 ఏళ్ళకు 80, 34కు 75. నలభై దాటాక ఇంకా వేగంగా తగ్గి, 45 నిండేసరికి సున్న. ఈ లెక్కను నేను అప్పట్లో చదివి ఉంటే బాగుండేది. అసలు విషయం ఏమిటంటే, చదివాను. చదివి కూడా చేశాను.

మావాడు ఎం.టెక్. చదివి బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు. 2018 జూన్‌లో ఇంటికి వచ్చి నా చేతిలో ఒక కవరు పెట్టాడు. మన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని ధ్రువీకరించే సంస్థ ఒకటుంది. దానికి విశ్వవిద్యాలయం నుంచే మార్కుల పత్రాలు సీలు వేసి పంపాలి. "నాన్నా, నాకు సెలవు దొరకదు. మీరు వెళ్ళి చలానా కట్టి, దరఖాస్తు ఇచ్చి వస్తారా? ఆఫీసు పనులు మీకు తెలిసినంతగా నాకు తెలియవు" అన్నాడు. సరేనన్నాను.

అయ్యా, ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నా పర్సనల్ రిజిస్టరులో పెండింగు ఉంచిన కాగితాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలాంటివాణ్ణి నా కొడుకు కవరును బీరువాలో పెట్టాను. మోకాళ్ళ నొప్పి అన్నాను. ఎండలన్నాను, తరువాత వానలన్నాను. మా ఆవిడ రెండుసార్లు అడిగింది, "ఆ కాగితాలు ఇచ్చారా?" అని. రేపు వెళతానన్నాను. నిజం ఏమిటంటే ఆ కవరు కదిలితే వాడు వెళ్ళిపోతాడు. వద్దని చెప్పే ధైర్యం లేదు. సరేననే మనసూ లేదు. ఈ రెంటి మధ్య గుమాస్తా ఏం చేస్తాడు? ఫైలు తొక్కిపెడతాడు.

సెప్టెంబరు చివరికి గాని విశ్వవిద్యాలయానికి వెళ్ళలేదు. ధ్రువీకరణ వచ్చేసరికి సంక్రాంతి దాటింది. వాడు పుట్టింది జనవరి 14న. ఆ రోజుతో 34 నిండాయి. 440 ఉండవలసిన మార్కులు 435 అయ్యాయి. 2018 డిసెంబరు 19న జరిగిన డ్రాలో కటాఫ్ 439. వాడి పేరు అప్పటికి జాబితాలోనే లేదు. 2019 జనవరి 30న 438. మూడు మార్కుల్లో పోయింది.

ఒక ఆదివారం వాడు ఇంట్లో కాగితాలు వరుసపెడుతూ ఆ చలానా చూశాడు. దాని మీద తేదీ ఉంది. ఒక నిమిషం చూసి, మిగతా కాగితాల్లో పెట్టేశాడు. ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నేనే చెప్పాను, "ఆలస్యం అయింది కాదురా, చేశాను" అని. వాడు చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. చివరికి, "వెళ్ళవద్దని ఒక్కమాట అంటే మాట్లాడుకునేవాళ్ళం కదా నాన్నా" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

దారి చూపింది మా కోడలు. దరఖాస్తుదారుడి భార్యగానీ భర్తగానీ ఇంగ్లీషు పరీక్ష రాస్తే 20 మార్కుల దాకా కలుస్తాయి. చంటిపిల్ల ఉందని ఆ అమ్మాయి అంతవరకు రాయలేదు. అప్పుడు పగలు ఉద్యోగం, రాత్రి పిల్లను నిద్రపుచ్చాక చదువు. ఐఇఎల్‌టిఎస్‌లో వినడానికి 8, మిగతా మూడింటికీ ఏడేసి బ్యాండ్లు వస్తేనే ఆ 20 పూర్తిగా వస్తాయి. తెచ్చింది. 435 కాస్తా 455 అయింది. ఆ ఎండాకాలంలోనే ఆహ్వానం వచ్చింది. మామగారు పోగొట్టిన ఐదుకు కోడలు ఇరవై కట్టింది.

ఆహ్వానం వచ్చాక అరవై రోజుల్లో పూర్తి దరఖాస్తు పెట్టాలి. అప్పుడు మాత్రం నేను నిజమైన గుమాస్తానయ్యాను. ప్రతి కాగితానికీ పేజీ నంబరు వేసి, పట్టిక రాసి, ఏది వచ్చింది, ఏది రావాలి అని రోజూ టిక్కులు పెట్టాను. ఆ అనుభవంతో మీకు నాలుగు సంగతులు చెబుతాను.

ఒకటి, పేరు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఈ తేడా ముందే చూసుకోండి. రెండు, అనుభవ పత్రం. ఫలానావారు మా వద్ద పనిచేశారు అంటే చాలదు. చేసిన పనులు, వారానికి గంటలు, జీతం రాయించాలి. మూడు, డబ్బు. అక్కడ నిలదొక్కుకోవడానికి చూపించవలసిన సొమ్ము అప్పు తెచ్చి చూపితే చెల్లదు. తల్లిదండ్రులు ఇస్తే, తిరిగి అడగమని ఉత్తరం రాసి ఇవ్వాలి. నాలుగు, అబద్ధం. ఉద్యోగ ఆఫరు కొనిపెడతాం, మార్కులు పెరుగుతాయి అనే ఏజెంట్లకు మీ గ్రాట్యుటీ అప్పగించకండి. ర్యాంకులో ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే మార్కులను 2025 మార్చిలో తీసేశారు. దొంగ కాగితం పెట్టి దొరికితే ఐదేళ్ళు దరఖాస్తు చేయడానికే వీలుండదు.

ఇక మన సంగతి. ఆ దరఖాస్తులో భార్య, భర్త, పెళ్ళికాని 22 ఏళ్ళలోపు పిల్లలు కుటుంబం. తల్లిదండ్రులు ఆ లెక్కలోకి రారు. ఇంటి దగ్గర ముసలివాళ్ళున్నారని మార్కు కలపరు, తియ్యరు. మొదట చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే, ఆ గడి నింపవలసింది వాళ్ళ ప్రభుత్వం కాదు, మేము. ఎవరికి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు వస్తారు, ఇల్లు ఏం చేయాలి, మేము ఎప్పుడు వెళతాం అని వాడు బయలుదేరకముందే మా ఇంటి వసారాలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ మాటలు 2018 జూన్‌లోనే జరగవలసింది.

2020 ఫిబ్రవరిలో వెళ్ళారు. నెల తిరగకుండా కరోనా వచ్చింది. మూడేళ్ళు మనవరాలిని ఫోనులోనే చూశాం. 2023లో సూపర్ వీసా మీద వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చాం. చలికి మోకాళ్ళు నొప్పెట్టాయి, ఈసారి నిజంగానే.

మిత్రులారా, మీ పిల్లలు వెళతామంటే వెళ్ళమనండి, ఇష్టం లేకపోతే లేదని ఎదురుగా చెప్పండి. వాళ్ళు వింటారో మానతారో వేరే సంగతి. కాని వాళ్ళిచ్చిన కాగితాన్ని మాత్రం బీరువాలో పెట్టకండి.